తెరుచుకోని డ్రైవుకి ప్రథమ బహుమతి

ఆ ఏడాదిని సమాచార భద్రతా సంవత్సరంగా ప్రకటించారు. అందుకని ప్రాంతీయ శ్రవణ గ్రంథాలయం వారు ముందుగా చేసిన పని, తమ దగ్గరున్న సమాచారాన్ని రోడ్డు రోలరు కింద వేసి తొక్కించడం.

పైనుంచి వచ్చిన సర్క్యులరులో అనుమానానికి చోటు లేదు. ఒక సమాచారానికి ఎన్ని నకళ్ళుంటే, అది బయటికి పొక్కడానికి అన్ని దారులున్నట్టు. కాబట్టి నకళ్ళన్నిటినీ నాశనం చేయవలెను. అసలును ఒకే ఒక్క కంప్యూటరు డ్రైవులో ఎక్కించి, ఒకే ఒక్క గదిలో, ఒకే ఒక్క అధికారి అధీనంలో ఉంచవలెను. శ్రవణ గ్రంథాలయమంటే చూపులేని పిల్లల కోసం పాఠాలు చదివి రికార్డు చేసి ఉంచే చోటు. అక్కడ బయటికి పొక్కితే కొంపలంటుకునేది ఏముందని ఎవరూ అడగలేదు. ఎక్సైజు వాళ్ళు నాటుసారా సీసాలు తొక్కించే మైదానంలోనే సీడీలన్నీ బారుగా పరిచారు. డైరెక్టరు చక్రధరం గారు పచ్చజెండా ఊపారు. రోలరు ముందుకీ వెనక్కీ నడిచింది. మర్నాడు పేపర్లో పడిన ఫోటోలో చక్రధరం గారి ముఖం, సారా పట్టుకున్న వాళ్ళ ముఖంలాగే వెలిగిపోతోంది.

ఆ సీడీల్లో సగానికి పైగా వకుళ చదివినవి.

వకుళ భర్త జనార్దనం కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఆవిడ మధ్యాహ్నం వేళ కిటికీలన్నీ మూసి, చప్పుడవుతుందని ఫ్యాను కూడా కట్టేసి, చెమటలు కారుతుండగా పిల్లలకి పాఠాలు చదివేది. ఊరికే పుస్తకం చదివి ఊరుకోకుండా, ప్రతి పాఠం చివరా తనే ప్రశ్నలు కూర్చి, పిల్లలు ఆలోచించుకోవడానికి కాస్త వ్యవధిచ్చి, జవాబులు చెప్పేది. ఆ వేళలో జనార్దనం వీధి మలుపు దగ్గర నిలబడి, కూరలమ్మే వాళ్ళనీ కొబ్బరిబొండాల వాళ్ళనీ కేకెయ్యకుండా వెళ్ళమని బతిమాలేవాడు. ఆయన వంతు సాహిత్య సేవ అది.

ఆవిడ పోయాక ఆ గొంతు వినే ధైర్యం ఆయనకి చాలలేదు. సర్క్యులరు వచ్చినప్పుడు ఇంట్లో ఉన్న సీడీలు కూడా సంచీలో వేసుకెళ్ళి ఇచ్చి వచ్చాడు. ప్రభుత్వం వారి డ్రైవులో ఎలాగూ భద్రంగా ఉంటాయి, ధైర్యం వచ్చిన రోజున వెళ్ళి వినొచ్చు అనుకున్నాడు.

అంతలో దసరా వచ్చింది.

గ్రంథాలయం సూపరింటెండెంటు సోమరాజు గారు భక్తిపరుడు. ఆయుధపూజ నాడు ఆఫీసులో ఆయుధాలనదగ్గవన్నీ పీట మీద పెట్టించాడు. స్టాప్లరు, కాగితాలకి కన్నాలు పొడిచే మిషను, డైరెక్టరు గారి సంతకం ముద్ర. ఈ సంవత్సరానికి ముఖ్యమైన ఆయుధం డ్రైవే కాబట్టి, నడుస్తున్న కంప్యూటరు నుంచి దాన్ని లాగి తెచ్చి నడిమధ్యన పెట్టాడు. అరచేతిలో ఇమిడే నల్లటి డబ్బా అది. దానికి ముఖం ఎటువైపో తెలియలేదు. వైరు దూర్చే కన్నం ఒకటి కనబడితే అదే ముఖమనుకుని, అందులో నిండుగా గంధం అద్ది, పైన కుంకుమబొట్టు పెట్టాడు. బంతిపూల దండ వేశాడు. హారతిచ్చాడు. మర్నాడు మళ్ళీ కంప్యూటరుకి తగిలిస్తే దీపమైతే వెలిగింది గానీ, తెర మీద, ఈ డ్రైవు అందుబాటులో లేదు అని వచ్చింది.

ఈ సంగతి జనార్దనానికి మరిడేశ్వరి చెబితే తెలిసింది. ఆమెకి పుట్టుకతోనే చూపు లేదు. టీచరు ఉద్యోగపు పరీక్షకి చదువుతోంది. వయోపరిమితి ఈసారితో సరి. కర్ర తాటిస్తూ ఆయన గుమ్మం దాకా ఒక్కర్తే వచ్చింది.

"మాస్టారండీ, వకుళమ్మ గారి పాఠాలు పెట్టట్లేదండి. ఎప్పుడెళ్ళినా రేపు రమ్మంటున్నారు."

"ఏ పాఠాలమ్మా?"

"విద్యా మనోవిజ్ఞానం అండి. పుస్తకం మా తమ్ముడు చదివి పెడతాడనుకోండి, ఆ ప్రశ్నలూ జవాబులూ పుస్తకంలో లేవు కదండి. అవి అమ్మగారివి. పోయినసారి అవి వినెళ్ళినోళ్ళందరూ గట్టెక్కేశారు. నేను జొరం వచ్చి రాయలేదు."

"పోనీ నేను చదివి చెప్పనా?"

ఆయన ఓ పాఠం చదివాడు. మరిడేశ్వరి ఓపిగ్గా విన్నది.

"ఏమనుకోకండి మాస్టారూ. మీది మొక్కలకి చెప్పే గొంతండి. కదలవు కాబట్టి అవి విన్నాయి. నాకు నిద్దరొచ్చేస్తోంది."

జనార్దనం నవ్వి, చెప్పులేసుకుని గ్రంథాలయానికి బయలుదేరాడు.

సోమరాజు ఆయన్ని ఫ్యాను కింద కుర్చీలో కూర్చోబెట్టాడు. ఎండన పడి వెళ్ళినవాడికి అదొక ఉపకారం.

"డ్రైవు పాడైందటగా," అన్నాడు జనార్దనం.

సోమరాజు చప్పున తలుపు వైపు చూశాడు. "ఆ మాట వాడకండి మాస్టారూ. మనది నష్టరహిత సంస్థ అని పైకి రాసిచ్చేశామండి. నష్టరహిత సంస్థలో ఏదీ పాడవదు."

"మరి ఏమైనట్టు?"

"తెరుచుకునే స్థితిలో లేని స్థితిలో ఉన్నదండి."

"ఎవరైనా తెలిసినవాళ్ళకి చూపిస్తే..."

"బాగు చేయిస్తే పాడైనట్టు ఒప్పుకున్నట్టే కదండీ. నామీదకొస్తది. పిల్ల పెళ్ళి పెట్టుకున్నానండి," అన్నాడు సోమరాజు, నిజంగానే దిగులుగా.

డైరెక్టరు గారి గదిలో దిగులు లేదు. చక్రధరం గారు మామూలుగా మాట్లాడటం ఎవరూ విని ఎరగరు. భోజనానికి పిలిచినా, 'ఆ అంశం పరిశీలనలో ఉన్నది' అంటారని వాళ్ళింటి పనిమనిషి చెప్పుకుంటుంది.

"మాస్టారూ, తమరు ఈ అంశాన్ని భావోద్వేగ కోణంలో చూస్తున్నారు. సంస్థ దీనిని వ్యవస్థాగత కోణంలో చూస్తున్నది."

"ఆ అమ్మాయికి పరీక్ష ఉందండి. వయసు దాటిపోతుంది."

"అమ్మాయి వయస్సు ఆమె వ్యక్తిగత పరిధిలోని అంశం. డ్రైవు ప్రజాప్రయోజన పరిధిలోనిది. రెంటినీ కలుపరాదు."

జనార్దనం రెంటినీ కలపకుండా బయటికొచ్చి, ఆర్టీసీ కాంప్లెక్సు ఎదురుగా ఝాన్సీ కొట్టుకి వెళ్ళాడు. ఝాన్సీ కంప్యూటర్లు బాగు చేస్తుంది. తనంత పనిమంతురాలు ఈ రెండు జిల్లాల్లో లేదని కొట్టు బయట రాయించుకుంది. అది చదవకుండా లోపలికొచ్చిన వాళ్ళకి నోటితో చెబుతుంది.

"చచ్చిపోయిన డిస్కు వేరండి, అలిగి కూర్చున్న డిస్కు వేరండి," అంది ఆవిడ, ఎవరిదో లాప్‌టాప్‌ని వెల్లకిలా పడుకోబెట్టి మరలు తీస్తూ. "మీదేది?"

"దీపం వెలుగుతోందట."

"దీపం శవం దగ్గర కూడా వెలుగుద్దండి. చెవి పెట్టి వినాలి. లోపల టిక్కు టిక్కుమని కొట్టుకుంటుంటే ఆశ వదులుకోండి. ఒకే తీరుగా ఝుమ్మని తిరుగుతుంటే మనిషి బానే ఉన్నట్టు, మాటే లేనట్టు. వినొచ్చి చెప్పండి."

జనార్దనం మళ్ళీ వెళ్ళాడు. డ్రైవుని ముట్టుకోవడానికి నిబంధన ఒప్పుకోదన్నాడు సోమరాజు. చూడటానికి గుర్తింపు కార్డు ఉండాలన్నాడు. వినడం గురించి మాత్రం సర్క్యులరంతా వెతికినా ఏమీ లేదు. "శ్రవణ గ్రంథాలయంలో వినొద్దని ఎలాగంటానండి," అని తనే కుర్చీ దగ్గరికి జరిపాడు.

జనార్దనం కళ్ళజోడు తీసి, డ్రైవు పక్కన బల్ల మీద చెవి ఆనించాడు. లోపల సన్నగా, తుమ్మెద గదిలో ఎక్కడో తిరుగుతున్నట్టు, తెగకుండా ఒకే శ్రుతి. టిక్కు టిక్కు లేదు. ఆయన అవసరమైన దానికన్నా ఎక్కువసేపే విన్నాడు. సోమరాజు ఫైలు చూస్తున్నట్టు అటు తిరిగి కూర్చున్నాడు.

"బతికే ఉందండి," అన్నాడు జనార్దనం, ఝాన్సీతో.

"అయితే పట్రండి. వైరు దూర్చే చోట ఏదన్నా అడ్డం పడుంటది. లేదంటే నడుస్తుండగా లాగేసుంటారు, లోపల లెక్క తప్పుంటది. రెండూ బాగయ్యేవే."

"తేవడానికి ఒప్పుకోరమ్మా."

"పాడైందేమోనని భయపడే వాళ్ళని చూశానండి. బాగవుద్దేమోనని భయపడే వాళ్ళని ఇప్పుడే చూడటం."

ఈ సంగతులు ఇలా ఉండగా, రాజధాని నుంచి భద్రతా తనిఖీ బృందం దిగింది. ముగ్గురు అధికారులు, మూడు బాటిళ్ళ మంచినీళ్ళు, ఒక ప్రశ్నావళి. సోమరాజు ఆ రోజు ఉపవాసం ఉన్నాడు. మొక్కు కాదు, భయం.

"ఈ డ్రైవును తెరవగల సిబ్బంది ఎందరు?" అని అడిగాడు పెద్ద అధికారి.

సోమరాజుకి అబద్ధం చెప్పడం రాదు. "ఎవరూ లేరండి," అన్నాడు కళ్ళు మూసుకుని.

"మీరు?"

"తెరవలేనండి."

"డైరెక్టరు గారు?"

"వారూ తెరవలేరండి. ఎవరి వల్లా కాదండి."

పెద్ద అధికారి కలం కింద పెట్టాడు. రాష్ట్రమంతా తిరిగినా ఆయనకి ఈ జవాబు దొరకలేదు. ఒక చోట పాస్‌వర్డుని గోడకి అంటించారు. ఇంకో చోట ఆఫీసరు పాస్‌వర్డు టీ కొట్టువాడికి కూడా తెలుసు. ఇక్కడ లోపలివాడికి గానీ బయటివాడికి గానీ, దొంగకి గానీ దొరకి గానీ, ఎవరికీ ప్రవేశం లేదు. ఆయన స్వయంగా నొక్కి చూశాడు. అందుబాటులో లేదు అని వచ్చింది. మళ్ళీ నొక్కాడు. అదే వచ్చింది. ఆయన కళ్ళు చెమర్చాయని తర్వాత ప్రెస్ నోటులో రాశారు.

నూటికి నూరు మార్కులు పడ్డాయి. చక్రధరం గారు ఆ సాయంత్రం సిబ్బంది సమావేశంలో, ఎవరికీ అందని సమాచారమే అసలైన భద్రత గల సమాచారమనియు, ఈ సత్యాన్ని తాను ఎంతో కాలంగా అనుష్ఠిస్తున్నాననియు చెప్పారు. సోమరాజుకి శాలువా కప్పారు. సోమరాజు శాలువా కింద వణుకుతూనే ఉన్నాడు.

ఇక చూడటానికి వచ్చేవాళ్ళ తాకిడి మొదలైంది. పక్క జిల్లాల అధికారులు బస్సుల్లో వచ్చి, డ్రైవు చుట్టూ ప్రదక్షిణంగా నడిచి, రహస్యమేమిటని అడిగారు. సోమరాజు ఉన్నదున్నట్టు గంధం సంగతి చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. రాసుకున్నారు. నెల తిరక్కుండా దానికి 'చందన విధానం' అని పేరు పెట్టి, మార్గదర్శకాలు అచ్చువేశారు. గంధం చిక్కదనం ఎంత ఉండాలో, ఎండటానికి ఎంతసేపు వదలాలో అందులో ఉంది. ఒక పురపాలక సంఘం తన కొళాయి కనెక్షన్ల వివరాలన్నీ చందన విధానంలోకి మార్చేసరికి, నీళ్ళు రావడం లేదన్న ఫిర్యాదులు ఎవరి కొళాయివో తెలియక వాటంతటవే కొట్టివేయబడ్డాయి. ఒక విశ్వవిద్యాలయం మార్కుల డ్రైవుకి గంధం పూసి, ఫెయిలైన విద్యార్థి ఒక్కడూ లేని సంస్థగా నిలిచింది. పాసైన వాడూ లేడు గానీ, ఆ సంగతి ఎవరూ అడగలేదు.

జనార్దనం అర్జీ పెట్టుకున్నాడు. జవాబు వచ్చింది. 'తమరు కోరిన పాఠములు అత్యున్నత భద్రతలో క్షేమముగా ఉన్నవని సంతోషముతో తెలియజేయనైనది. సదరు పాఠములు వినుటకు అనుమతించినచో, వినబడగల సమాచారముగా అవి భద్రతను కోల్పోవును. కావున తమరి అర్జీ, తమరి మేలు కోరి, తిరస్కరించడమైనది.'

ఆయన అది మరిడేశ్వరికి చదివి వినిపించాడు.

"బానే రాశారండి," అంది ఆమె. "మా నాన్న కూడా ఇంతేనండి. చిన్నప్పుడు నాకు గాజులు కొని, పగిలిపోతాయని పెట్టెలో పెట్టేశాడు. ఇప్పటికీ పగల్లేదు." కర్ర అందుకుంటూ అడిగింది. "పరీక్ష మాఘమాసంలోనండి. ఈలోగా అవుద్దంటారా?"

జనార్దనం ఆమెకి మజ్జిగిచ్చి, ఆటో ఎక్కించి వచ్చాడు.

దారి చివరికి గ్రంథాలయం వాళ్ళే చూపించారు. భద్రతా సంవత్సరం ముగింపుకి రాష్ట్ర బహుమతి పెట్టారు. దాని నిబంధనల్లో ఒకటి, పోటీలో ఉన్న డ్రైవును బహిరంగ వేదిక మీద పెట్టి, తెరవగలిగినవారెవరైనా ఉంటే రమ్మని పిలవాలి. వచ్చినవాళ్ళు పగలగొట్టకూడదు, కొయ్యకూడదు. భోజనాల గంట కొట్టేలోగా తెరవలేకపోతే డ్రైవు గెలిచినట్టు.

నోటీసు చదివి జనార్దనం సరాసరి ఝాన్సీ దగ్గరికెళ్ళాడు.

"డ్రైవుని నీ కొట్టుకి పంపరు గానీ, నిన్ను డ్రైవు దగ్గరికి రానిస్తారట."

"నన్నా? ఏ హోదాలోనండి?"

"దుండగుల హోదాలో."

అది ఆయన వేసిన హాస్యం కాదు. దరఖాస్తులో పాల్గొనేవారిని దుండగుడు, సహాయ దుండగుడు అనే పేర్కొన్నారు. జనార్దనం వరస ప్రకారం తన పేరు మొదటి దాని ఎదురుగా, ఝాన్సీ పేరు రెండోదాని ఎదురుగా రాశాడు. పనంతా తనది, పెద్దపీట ఆయనదా అని ఝాన్సీ వారం రోజులు దెప్పింది.

ఆ రోజు గ్రంథాలయం హాలంతా నిండిపోయింది. గుమ్మం దగ్గర జనార్దనం చొక్కాకి 'దుండగుడు' అని రాసిన బిళ్ళ పెట్టారు. వాచ్‌మన్ అది చదివి, అలవాటు చొప్పున నమస్కారం పెట్టి, ఎండలో నిలబడొద్దని లోపలికి తీసుకెళ్ళాడు. మరిడేశ్వరి వెనక వరసలో గోడవారగా కూర్చుంది. వేదిక మీద గాజుపెట్టెలో డ్రైవు. కొత్తగా ఇంకో పూత గంధం వేసినట్టున్నారు, పసుపుపచ్చగా మెరుస్తోంది. పక్కనే కంప్యూటరు, దాని చప్పుడు హాలంతటికీ వినబడేలా రెండు పెద్ద స్పీకర్లు. తీర్పరుల సంఘం అధ్యక్షుడు మధ్య కుర్చీలో, చక్రధరం గారు ఆయన కుడిపక్క.

ముందు ఇంజనీరింగు కాలేజీ కుర్రాళ్ళ జట్టు ఒకటి వచ్చింది. వాళ్ళు లక్షల పాస్‌వర్డులు వరసపెట్టి కొట్టించారు. డ్రైవుకి అసలు పాస్‌వర్డు లేదన్న సంగతి వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. చప్పట్ల మధ్య ఓడిపోయి దిగారు.

ఝాన్సీ వేదికెక్కి, గాజుపెట్టె తెరిపించి, డ్రైవుని వాసన చూసింది.

"ఏటండి ఇది, గంధమా?"

"చందన విధానం," అన్నారు చక్రధరం గారు.

"ఎవరి పెళ్ళండి?"

హాలు నవ్వింది. ఝాన్సీ సంచీలోంచి స్పిరిటూ దూదీ తీసింది. పుల్లకి దూది చుట్టి, తడిపి, ఆ కన్నంలో పెట్టి నిదానంగా తిప్పింది. గంధం పెళ్ళలు పెళ్ళలుగా ఊడొచ్చింది. చిన్నపిల్లల చెవి తుడిచినట్టు తుడిచింది. ఆరేదాకా నోటితో ఊదింది. కొత్త వైరు దూర్చి కంప్యూటరుకి తగిలించింది.

తెర మీద ఓ ప్రశ్న వచ్చింది. డ్రైవు వాడాలంటే ముందు లోపలున్నదంతా తుడిచేయాలి, తుడిచేయమంటారా?

సహాయం చేద్దామని పక్కన నిలబడ్డ సోమరాజు, అడిగిన దానికి జవాబు చెప్పడం మర్యాదని, అవును అని నొక్కబోయాడు. ఝాన్సీ ఆయన చేతి మీద ఒక్కటేసింది.

"అడిగిన ప్రతిదానికీ అవుననకండి సోమరాజుగారూ. మీ ఆఫీసు అలవాటు మీ ఆఫీసులోనే ఉంచండి." తెర మీద మరో కిటికీ తెరిచి ఏదో టైపు చేస్తూ అంది. "మామూలుగా అయితే ఏ డాక్టరైనా ముందు ఓ నకలు తీసుకుని, ఆ నకలు మీద పన్జేస్తాడండి. ఇక్కడ నకలు తియ్యడం నేరమంట. అందుకని ఉన్న ఒక్క ప్రాణం మీదే చెయ్యేస్తున్నా. ఏదన్నా అయితే నన్ననకండి."

ఆ మాటకి జనార్దనం కుర్చీ అంచు పట్టుకున్నాడు. వెనక వరసలో మరిడేశ్వరి కర్ర రెండు చేతులతో పట్టుకుని, తల కొంచెం వంచి వింటోంది. తెర మీద అంకెలు పరుగెత్తాయి. ఆగాయి. మళ్ళీ పరుగెత్తాయి. వేదిక మీద చక్రధరం గారు చిరునవ్వుతోనే ఉన్నారు గానీ, ఆ చిరునవ్వు వయసు మీరుతోంది. భోజనాల గంట కొట్టే మనిషి గంట దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

తెర మీద పసుపురంగు సంచుల బొమ్మలు ఒకటొకటిగా తేలాయి.

ఝాన్సీ అందులో ఏదో ఒకదాన్ని నొక్కింది.

"విద్యా మనోవిజ్ఞానం," అంది వకుళ, హాలంతటికీ. "మరపు అనే పాఠం. మనం ఒక విషయం మరిచిపోయామంటే, అది మనలోంచి పోయిందని అర్థం కాదు. చాలాసార్లు అది లోపలే ఉంటుంది. దాన్ని అందుకునే దారి మూసుకుపోతుంది, అంతే. ఇప్పుడు ప్రశ్న. దారి మూసుకుపోవడానికి కారణాలేమిటి? ఆలోచించండి."

ఆవిడ ఆలోచించుకోమన్నంతసేపు హాలు నిజంగానే ఆలోచించింది.

ఆ నిశ్శబ్దంలోనే, కొంచెం దూరం నుంచి, మైకు వైపు కాకుండా పక్కకి తిరిగి అన్నట్టు, ఆ గొంతే మళ్ళీ వినిపించింది. "ఏవండీ, ఆ బొండాల అబ్బాయిని కాస్త ఆపండి."

జనార్దనం లేచి నిలబడ్డాడు. గుమ్మం వైపు రెండడుగులు వేశాక గానీ ఎక్కడున్నాడో ఆయనకి గుర్తు రాలేదు. ఎవరూ నవ్వలేదు. వాచ్‌మన్ వచ్చి మెల్లిగా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

గంట కొట్టారు.

వేదిక మీద గుసగుసలు మొదలయ్యాయి. తెరుచుకుంది కాబట్టి బహుమతి లేదు. బహుమతి లేకపోతే నూటికి నూరు వేసిన తనిఖీ తప్పు. తనిఖీ తప్పైతే చందన విధానం తప్పు. అది తప్పైతే దాన్ని అచ్చువేయించిన వాళ్ళు, వాళ్ళలో అధ్యక్షుల వారు కూడా ఉన్నారు, తప్పు. చక్రధరం గారు లేచి మైకు అందుకున్నారు.

"సభకు ఒక సాంకేతిక అంశాన్ని విన్నవించుకుంటున్నాను. మా డ్రైవు ఎవరూ తెరవజాలనిదని సమర్థులైన అధికారులచే ధ్రువీకరింపబడి ఉన్నది. వేదికపై ఉన్న ఈ డ్రైవు తెరుచుకున్నది. కావున, ఇది మా డ్రైవు కాదు."

అధ్యక్షుల వారి ముఖంలోకి నెత్తురొచ్చింది. "బాగా సెలవిచ్చారు. అయితే ఇది ఎవరిది?"

"ఇందులో మాట్లాడుతున్నది ఈ మాస్టారి భార్య. ఇంటాయనను పిలిచి, ఇంటి పనులు పురమాయిస్తున్నది. ప్రభుత్వ డ్రైవులో ఇట్టి సంభాషణ ఉండుటకు అవకాశము లేదు. కావున ఇది వీరి ఇంటి వస్తువు." జనార్దనం వైపు తిరిగారు. "మాస్టారూ, సొంత వస్తువులను ప్రభుత్వ ఆవరణలో వదిలిపెట్టడం నిబంధనలకు విరుద్ధం. తమరి వయస్సును దృష్టిలో ఉంచుకుని ఈసారికి చర్య తీసుకోవడం లేదు. దీనిని తక్షణమే తొలగించవలసిందిగా ఆదేశిస్తున్నాను."

జనార్దనం జీవితంలో ఏ ఆదేశాన్నీ అంత తొందరగా పాటించలేదు. డ్రైవుని రుమాల్లో చుట్టి చంకన పెట్టుకున్నాడు. "వైరు కూడా తీసుకోండి," అని ఝాన్సీ వైరు ఆయన మెళ్ళో వేసింది. సోమరాజు వెనకాలే పరుగెత్తుకొచ్చాడు. వస్తువు ముట్టినట్టు సంతకం అడుగుతాడనుకున్నాడు జనార్దనం. "జేబులో పెట్టకండి మాస్టారూ, వేడెక్కుద్ది," అని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు.

వేదిక మీద గాజుపెట్టె ఖాళీగా ఉంటే బాగుండదని, స్టోరులోంచి కొత్త డ్రైవొకటి తెప్పించారు. దాని మీద కాగితం కూడా విప్పలేదు. కాగితం మీదే గంధం పూసి, పెట్టెలో పెట్టి, ప్రథమ బహుమతి ఇచ్చారు. ఈసారి ఎవరినీ తెరవమని పిలవలేదు. ఇప్పుడు దానికి ఇద్దరు పోలీసులు కాపలా ఉంటున్నారు. అందులోంచి ఇంతవరకూ ఏ సమాచారమూ బయటికి పొక్కలేదు.

ఝాన్సీ ఆ సాయంత్రమే డ్రైవుకి నకలు తీసింది. ఆ నకలుకి ఇంకో నకలు తీసింది. మరిడేశ్వరి ఫోనులోకి ఒకటి, ఆమె స్నేహితురాళ్ళ ఫోన్లలోకి కొన్ని వెళ్ళాయి. అయినా పిల్లలు వాకిట్లోకే రావడం మొదలెట్టారు. కలిసి వింటే ప్రశ్న వచ్చినప్పుడు పోటీపడి జవాబు చెప్పొచ్చునంటారు. జనార్దనం వరండాలో రెండు బెంచీలు వేయించి, బల్లఫ్యాను పెట్టాడు. పిల్లలు వింటున్నంతసేపూ వీధి మలుపులో నిలబడటం మళ్ళీ మొదలుపెట్టాడు. కొబ్బరిబొండాల మనిషి మారాడు. కొత్తవాడికి కథంతా చెప్పాల్సి వచ్చింది.

పరీక్ష ఇంకా వారం ఉందనగా ఒక సాయంత్రం గేటు దగ్గర స్కూటరు ఆగింది. దిగిన మనిషి తలమీది హెల్మెట్ తీయకుండానే లోపలికొచ్చి, అటూ ఇటూ చూసి, అప్పుడు తీశాడు. చక్రధరం గారు.

"ఒక చిన్న అంశం, మాస్టారూ. నా ప్రసంగాలు కొన్ని, సంస్థలో ఆయా సందర్భాలలో చేసినవి, ఆ డ్రైవులో... అంటే, తమరి డ్రైవులో ఉండిపోయే అవకాశం ఉన్నది. నా పదవీ విరమణ సంచికకు అవసరపడినవి. నకళ్ళన్నీ నేనే తొక్కించి ఉన్నాను."

"ఉన్నాయండి. ప్రసంగాలని విడిగా ఓ సంచీ ఉంది," అన్నాడు జనార్దనం. "ఇన్నేళ్ళలో ఎవరూ తెరిచినట్టు లేరు."

"భద్రంగా ఉన్నవన్నమాట," అన్నారు చక్రధరం గారు సంతోషంగా.

"ఈ పాఠం అయిపోగానే ఎక్కించి ఇస్తానండి. కూర్చోండి."

చక్రధరం గారు బెంచీ చివర, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నెత్తంతా చెమట పట్టి ఉంది. జనార్దనం ఫ్యానుని కొంచెం ఆయన వైపు తిప్పి, మలుపు దగ్గరికి వెళ్ళబోయాడు. లోపల వకుళ ఏదో ప్రశ్న వేసి, ఆలోచించండి, అంది. పక్కన ఎవరో కొత్తగా కూర్చున్నట్టు మరిడేశ్వరికి తెలిసింది.

"మీరు ఏ పరీక్షకండి?" అని అడిగింది, గుసగుసగా.

చక్రధరం గారు కాసేపు ఆలోచించారు.

"ఇంకా నోటిఫికేషను రాలేదమ్మా."

"అయితే మొదటి పాఠం నుంచి వినండి. మీకు చాలా టైముంది," అంది మరిడేశ్వరి, జరిగి చోటిస్తూ.